చెమట పట్టని పట్టుచీర

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె అంటే మగ్గాల పేట. పట్టుచీరలు నేసే ఇళ్లు. వీధిలో నడుస్తుంటే రెండు పక్కల నుంచీ మగ్గాల చప్పుడు మనతోబాటే నడుస్తుంది. అక్కడ ఒక సాయంత్రం, గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఒక అక్క పక్కన నేను పీటేసుకుని కూర్చున్నాను. ఎదురుగా గోడవార టీవీ. సీరియల్లో కోడలు తెల్లవారుజామునే లేచి, పూజ ముగించి, వంటింట్లో పాలు కాస్తోంది. ఒంటిమీద ముదురాకుపచ్చ చీర, ఎర్రంచు, జానెడు జరీ. నేను ఎప్పట్లాగే కథలో పడిపోయాను. ఈ పాలల్లో తోడికోడలు ఏం కలుపుతుందో, నింద ఎవరి మీద పడుతుందో అని.

అక్క నాడె ఆపకుండానే అంది: "అది పట్టు గాదు పాపా. పవర్‌లూమ్ సరుకు. మడత కాడ చూడు, ఎట్ల బిర్రుగా నిలబడుకోనుండాదో. పట్టయితే జారతాది." రెండు పోగులు దాటించి మళ్లీ అంది: "పట్టే అయినా, దాన్ని కట్టుకోని పొయ్యికాడికి ఎవురన్నా పోతారా?"

సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఆ రెండు వాక్యాలూ తట్టలేదు. మొదటిది బట్ట గురించి, రెండోది పని గురించి. నేను చూస్తున్నది మాటలూ మలుపులూ మాత్రమే.

ఇది నా ఒక్కదాని లోపం కాదనే ఈ వ్యాసం. 'టీవీ సీరియళ్లలో స్త్రీ పాత్ర చిత్రణ' అని మనం రాసిన పేపర్లు ఎన్ని వుంటాయో! నావీ వున్నాయి అందులో. అన్నిటి తీరూ ఒక్కటే. కథ చెప్తాం. అత్త క్రూరురాలు, కోడలు సహనశీలి, రెండో ఆడది విలన్ అంటాం. పితృస్వామ్య భావజాలం అని ఒక మాట అని ముగిస్తాం. లేదంటే, ఫలానా సీరియల్లో నాయిక తన కాళ్లమీద తాను నిలబడింది కాబట్టి ప్రగతిశీలం అని మార్కులు వేస్తాం. రెంటిలోనూ మనం చదివింది స్క్రిప్టునే. టీవీని రేడియోలా విన్నాం. అరగంట సేపు కంటికి ఎదురుగా నిలబడే ఇల్లు, చీర, బొట్టు, మెట్లు, వెలుతురు, వీటిని 'అలంకరణ' అని పక్కన పెట్టేశాం. మంజులా నాయుడు 'చక్రవాకం' (2003-2008), 'మొగలిరేకులు' (2008-2013) వచ్చే రోజుల్లో ఈ పడమటి మండలాల్లో ఏడూ ఎనిమిది గంటలకు వీధులు ఖాళీ అయ్యేవి. అప్పుడు ఆడవాళ్లు మర్నాడు బోరింగు దగ్గర మాట్లాడుకున్నది కథ గురించి ఎంతో, జాకెట్టు చేతుల గురించీ అంతే. ఆ రెండో సంభాషణను మనం పరిశోధన అనుకోలేదు.

పనికిరాని మాటలని ఎందుకనుకున్నాం? చీరల కబుర్లు ఆడవాళ్ల చపలత్వం అని మగ పండితులు అన్నది మనమూ నమ్మాం కాబట్టి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2020లో స్టార్ మాలో 'ఇంటింటి గృహలక్ష్మి' మొదలైంది. బెంగాలీ 'శ్రీమొయీ'కి తెలుగు రూపం. భర్త ఇంకో స్త్రీతో సంబంధం పెట్టుకుంటాడు; తులసి చివరికి అతన్నుంచి విడిపోయి సొంత జీవితం కట్టుకుంటుంది. నడివయసు ఇల్లాలు విడాకులు తీసుకోవడాన్ని తెలుగు సీరియల్ సానుభూతితో చూపించింది కదా అని మనలో చాలామందిమి సంతోషించాం. నేనూ సంతోషించాను. కానీ ధ్వని ఆపేసి చూడండి. తులసి ఎక్కడున్నా నిండు చీర, అల్లిన జడ, నుదుట కుంకుమ. అవతలి ఆడది లాస్య వదిలేసిన జుట్టు, చేతుల్లేని జాకెట్టు. ఎవరు న్యాయంగా వున్నారో ఒక్క డైలాగు లేకుండా తెలిసిపోతుంది. కథ విడాకుల పక్షాన వాదిస్తోంటే చీర మాత్రం పెళ్లి పక్షాన సాక్ష్యం చెప్తోంది. మాట మారింది గాని వేషం మారలేదు. ఈ లెక్క కొత్తదీ కాదు. 2001లో మొదలైన హిందీ 'కసౌటీ జిందగీ కే'లో కొమోలికాకి చిత్రమైన పెద్ద బొట్లు, వీపు కనిపించే జాకెట్లు పెట్టి, ఆమె నోరు తెరవక ముందే తీర్పు చెప్పేశారు. మన 'ప్రతినాయిక'లందరూ ఆ బొట్టు చెల్లెళ్లే.

ఇదంతా తెరమీదే వుండిపోతే పోనీ అనుకోవచ్చు. ఈ మూడు ఊళ్లలో ఒకదాంట్లో, పేరు చెప్పను, ఒక కాలేజీలో నేను కొంతకాలం పాఠం చెప్పాను. ఒకరోజు చుడీదార్ వేసుకుని, తడిజుట్టు ఆరలేదని క్లిప్పు పెట్టుకుని వెళ్లాను. స్టాఫ్‌రూములో ఒక పెద్దమనిషి, మంచివాడే, నవ్వుతూ, "ఏం మేడమ్, ఇవాళ విలన్ గెటప్పా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వారం తిరక్కుండా మహిళా అధ్యాపకులు చీరలోనే రావాలని నోటీసు వచ్చింది. మగవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. కారణం 'హుందాతనం' అని రాశారు. ఆ హుందాతనం బొమ్మ ఆయన కళ్లల్లోకి ఎక్కడినుంచి వచ్చిందో ఆయన నోటితోనే చెప్పాడు కదా. తులసిలా వున్నామా, లాస్యలా వున్నామా అని రోజూ పొద్దున బస్సెక్కే ముందు మా అద్దాలు మమ్మల్ని అడుగుతున్నాయి. పుంగనూరు నుంచి వచ్చే ఒక సహోద్యోగి బస్సులో నిలబడి వచ్చి, దిగాక బస్టాండు గోడచాటున కుచ్చిళ్లు సర్దుకుని అప్పుడు కాలేజీలోకి వచ్చేది.

భరతుడు అభినయాన్ని నాలుగు రకాలుగా చెప్పాడు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. వేషం, నగ, రంగు, రంగస్థలం మీది వస్తువులు ఆహార్యంలోకి వస్తాయి. వేషం నటనకు తోడు కాదు, అదే ఒక నటన అని ఆయన లెక్క. ఈ మాట మనం పరీక్షల్లో రాసి మరిచిపోయాం. అంతకంటే ఎక్కువగా మరిచిపోయింది అందులోని అంగరచన, అంటే పాత్రల ఒంటికి పూయాల్సిన రంగుల విధి. బ్రాహ్మణ క్షత్రియులకు తెల్లని చాయ. వైశ్య శూద్రులకు చామనచాయ. కిరాతులకూ, పుళిందులకూ, దక్షిణాది వాళ్లకూ నలుపు. ఆ నల్లవాళ్ల జాబితాలో ఆంధ్రులు పేరుతో సహా వున్నారు. మేకప్ అనేది మొదట్నుంచీ కులం రంగు, ప్రాంతం రంగు పూయడమే అన్నమాట.

ఇప్పుడు 'కార్తీకదీపం' దగ్గరికి రండి. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు. మలయాళ 'కరుత్తముత్తు' దీనికి మాతృక. నల్లగా పుట్టినందుకు అవమానాలు పడే దీప కథ. రంగు వివక్ష మీద ఇంతకాలం నడిచిన తెలుగు సీరియల్ మరొకటి నాకు తెలీదు. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ మంచి నటి, అందులో సందేహం లేదు. కానీ ఆమె తెల్లనిది. మలయాళంలోనూ ఇక్కడా ఆమెకు నలుపు పూశారు. ఆంధ్రుల్ని నల్లగా చూపించమని భరతుడు చెప్పిన నేల మీద, నల్లని ఆడపిల్ల కథకు ఒక నల్లని ఆడపిల్ల దొరకలేదట! పూసిన నలుపుకు ఒక సౌకర్యం వుంది. కడిగితే పోతుంది. ఆ నటి అసలు చాయ ఫోటోల్లో, అవార్డుల పండగల్లో అందరూ చూశారు. అంటే, దీపను చూసి కన్నీళ్లు పెట్టుకున్న ప్రేక్షకులకు ఆ రంగు కింద తెల్లని అందం భద్రంగా వుందనే హామీ కూడా దొరికింది. మదనపల్లె టమాటా మార్కెట్లో తెల్లారకముందే కాయలు ఏరడానికి కూర్చునే ఆడవాళ్ల నలుపుకి అట్లాంటి హామీ లేదు. ఆ మార్కెట్లో కూర్చున్న మనిషిని ఆ వేషానికి ఎవరూ పిలవలేదు. పిలవాలని తోచకపోవడమే ఇక్కడ వేషరచన.

ఒక్క మాట మాత్రం ఆ సీరియల్‌కు దక్కాలి. జనం ఆమెను 'డాక్టర్ బాబు భార్య' అనలేదు, 'వంటలక్క' అన్నారు. మామూలు నూలుచీరలో, వంటచేసి బతికే మనిషిగా ఆమెను సొంతం చేసుకున్నారు. పెళ్లితో వచ్చిన పేరు కాదది, పనితో వచ్చిన పేరు. పనిచేసే వేషానికి ప్రేక్షకులు రారన్న నిర్మాతల వాదన అక్కడే వీగిపోయింది. అయినా మన సీరియళ్ల పేర్లు చూడండి: 'పసుపు కుంకుమ', 'ముద్దమందారం', 'గోరింటాకు', 'బ్రహ్మముడి'. ఆడదాని ఒంటికి అంటించే వస్తువుల పట్టీ రాసినట్టు లేదూ?

ఇంక ఇల్లు. సీరియల్ ఇంట్లో అన్నిటికంటే పెద్దది హాలు. హాలు మధ్యలోంచి పైకి మెట్లు. మాకు మిద్దెమెట్లు ఇంటి బయట వుంటాయి, వడియాలు ఆరబెట్టుకోవడానికి ఎక్కుతాం. అక్కడ మెట్లు అత్తగారు దిగి రావడానికి. హాలుకొక పక్క దేవుడి గది, ఇంకో పక్క అన్నాల బల్ల. స్నానాల గది లేదు. బట్టలుతికే బండ లేదు, దండెం లేదు. గ్యాస్ సిలిండర్ ఎప్పుడూ అయిపోదు. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో తెలీదు. వెయ్యి అడుగులు బోరు వేసినా నీళ్లు పడని పల్లెలున్న ఈ ప్రాంతంలో, ట్యాంకరు ఎప్పుడొస్తుందో అని బిందెలు వరసపెట్టుకుని కూర్చునే ఆడమనిషి ఆ ఇంటిని చూస్తోంది. సీరియల్ చూస్తూ బిందె నిండిందా అని చెవి బయటికి పెట్టి వుంటుంది.

ఆ హాలు అంత పెద్దగా ఎందుకుందో నిర్మాణం వాళ్లు చెప్పే కారణాలు నిజమే. రోజుకొక ఎపిసోడ్ పూర్తి కావాలి. ఒకే సెట్టులో, ఒకే లైటింగులో, కెమెరాలు తిరగడానికి చోటుండాలి. ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి మొహం మీదికి వెళ్లాలి. నీడ పడకూడదు, పడితే తర్వాతి సీనుతో కలవదు. కానీ ఆ సౌకర్యం నుంచి పుట్టిన అర్థం ఏమిటి? పదిమంది చుట్టూ నిలబడి వుంటారు. మధ్యలో ఒక ఆడది. ఆమె మీద ఒక ఆరోపణ. ఎవరో ఒక సాక్ష్యం తెస్తారు: మందు సీసా, ఉత్తరం, ఫోనులో ఫోటో. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూపిస్తారు. సోఫాలున్నా ఎవరూ కూర్చోరు. అది ఇల్లు కాదు, సభ.

సభ అనగానే మా వైపు వాళ్లకు ఇంకొకటి గుర్తొస్తుంది. పుంగనూరు పేరు చెప్తే బయటివాళ్లందరికీ పొట్టి ఆవు తలపుకొస్తుంది. నాకు మాత్రం చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల పల్లెల్లో చూసిన భారతం. పుంగనూరు, కుప్పం వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో పగలు హరికథ, రాత్రి నాటకం. సెట్టు అంటూ ఏమీ లేదు. ఒక తెర, దీపాలు, మట్టినేల. ద్రౌపది వేషం కట్టేది మగవాడే, దాని గురించి ఇంకో వ్యాసం రాయాలి. వస్త్రాపహరణం రాత్రి ఆ ద్రౌపది సభలో నిలబడి అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు. జుట్టు విప్పుతుంది. ఆ విప్పిన జుట్టు అలంకారం కాదు, శపథం. రోజుల తరబడి నాటకాలు నడుస్తాయి, జుట్టు అట్లాగే వుంటుంది. ఆఖరున నేలమీద మట్టితో పోసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ దగ్గర, తొడ పగిలాక, జుట్టు ముడి వేసుకుంటుంది. ఊరి ఆడవాళ్లు ఆ మట్టిని ఇళ్లకు తీసుకుపోవడం నేను చూశాను.

అక్కడ జుట్టు ఒక లెక్క రాసుకుంటుంది. సీరియల్లో జుట్టుకు జ్ఞాపకం లేదు. రాత్రి హాల్లో అవమానపడిన కోడలు పొద్దున్నే అదే నున్నటి జడతో, కొత్త చీరతో కనిపిస్తుంది. ఆమె మీద ఏదీ మరక కాదు. ఏడిస్తే కాటుక కారదు. వండితే చెమట పట్టదు. ఆమెకు జరిగినదానికి ఆమె ఒంటిమీద గుర్తు లేకపోతే, జరిగిందని రేపు ఎవరు ఒప్పుకుంటారు? సహనం గొప్పదని డైలాగు చెప్పక్కర్లేదు. మాయని చీరే చెప్తోంది.

ఇక్కడ నన్ను ఆపి అడిగేవాళ్లున్నారు. 'పొద్దస్తమానం పనిచేసి వచ్చిన ఆడవాళ్లు కాసేపు మంచి చీర చూసి సంతోషిస్తే నీకేం నొప్పి? తెరమీద కూడా వాళ్లకి దండెమూ బిందెలూ చూపించాలా?' ఇది మంచి ప్రశ్న. కుప్పంలో మా చిన్నమ్మ కూడా ఇదే అడిగింది. అక్కడి ఇళ్లల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ నడుస్తాయి. 2002-2005 మధ్య సన్ టీవీలో వచ్చిన 'మెట్టి ఒలి', అయిదుగురు ఆడపిల్లల తండ్రి కథ, ఆమె ఇప్పటికీ తలుచుకుంటుంది. "ఆ ఇల్లు మనిల్లు మాదిరే ఇరుగ్గా ఉండె" అంటుంది. అదే నోటితో ఇప్పటి సీరియళ్ల చీరలనూ మెచ్చుకుంటుంది. ఆ రెండిష్టాలూ ఆమెవే. ఆమె ఇష్టాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. మంచి చీర మీద మోజు నాకూ వుంది.

అయితే చిన్నమ్మ పట్టుపురుగులు పెంచింది, ఇరవై ఏళ్లు. మల్బరీ ఆకు కోసి తెచ్చి, తట్టల్లో పరిచి, రాత్రి లేచి మళ్లీ మేపేది. పురుగుకు నాలుగు 'జ్వరాలు'. పొర విడిచే దశను మావాళ్లు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటాక వారం రోజులు తినే ఆకుకు లెక్కుండదు, ఇంట్లో ఎవరికీ నిద్ర వుండదు. నెలలోపు గూళ్లు చంద్రికల మీదికి వస్తాయి. ఒక కిలో దారం కావాలంటే ఆరేడు కిలోల గూళ్లు మరిగే నీళ్లల్లో వెయ్యాలి. దారం తీసే ఆడవాళ్ల వేళ్లు నానిపోయి తెల్లగా అయిపోతాయి, ఆ వాసన వారాల పాటు ఒంటిని వదలదు. అప్పుడు మదనపల్లెలాంటి చోట రంగు, పడుగు, అచ్చు అతకడం, కండెలు చుట్టడం. ఇందులో సగానికి పైన ఆడవాళ్ల పనే, చాలాసార్లు కూలి లేని పని. మగ్గం మీద కూర్చున్న మగవాడి పేరుమీద ఆ శ్రమంతా కలిసిపోతుంది.

కాబట్టి నా తగువు అందంతో కాదు. చిన్నమ్మకు అందమంటే ఏమిటో, అది ఎన్ని రాత్రులు మేలుకుంటే వస్తుందో నాకంటే, ఆ నిర్మాతకంటే బాగా తెలుసు. పట్టును ఆడదాని ఒంటిమీద పెట్టి, దానిలోంచి ఆడవాళ్ల పనిని తుడిచేసి, మిగిలిన మెరుపును 'ఇల్లాలితనం' అని తిరిగి వాళ్లకే చూపిస్తున్నారు. తగువు దానితో. రోలాండ్ బార్త్ 1955లో నాటక దుస్తుల రోగాల గురించి రాస్తూ డబ్బును ఒక రోగంగా చెప్పాడు. టికెట్టు డబ్బుకు తగినంత ఆర్భాటం కంటికి అందిందని ప్రేక్షకుడికి అనిపించాలి, అంతే, నాటకానికి దాంతో పనిలేదు. మన దగ్గర ఇంకో మెలిక. అక్కడ మెరిసేది ఖర్చు కూడా కాదు. ఖర్చు అనిపించే పాలియెస్టరు.

ఆ పాలియెస్టరు కూడా ఎవరి జేబులోంచి వస్తుందో చూడాలి. తమ పాత్రల చీరలూ నగలూ తామే కొనుక్కుంటామని టీవీ నటీమణులు ఇంటర్వ్యూలలో చెప్తూనే వున్నారు. సీను సీనుకూ చీర మారాలి, కట్టింది మళ్లీ కనపడకూడదు. వచ్చే పారితోషికంలోంచి ఆ ఖర్చు పోతుంది. అదే సీరియల్లో మగవాళ్లకు ఒక షర్టు పది ఎపిసోడ్లు వస్తుంది. తెరమీది కోడలి వేషం వెనక ఒక ఉద్యోగిని అప్పు వుందన్నమాట. పాత్ర చిత్రణ గురించి ఇన్నేళ్లు రాశాం. ఆ బిల్లు గురించి ఒక్కరమూ రాయలేదు. మన పత్రికల్లో సీరియల్ విమర్శ అంటూ ఇకముందు వస్తే, కథా సంగ్రహం ఒక పేరాలో ముగించి, చీర ఎవరు కొన్నారు, నలుపు ఎవరు పూశారు, ఆ హాల్లో ఎవరు నిలబడ్డారు, ఎవరు మెట్లెక్కారు అని అడగమంటున్నాను. సెమినార్ పెట్టేవాళ్లు నేత పనిచేసే ఒక అక్కను వేదిక మీద కూర్చోబెట్టి, ధ్వని ఆపేసి ఒక ఎపిసోడ్ వేసి, ఆమె చదవడం వినమంటున్నాను. శాలువా కప్పి పంపించెయ్యకుండా.

ఈ మధ్య మళ్లీ నీరుగట్టువారిపల్లె వెళ్లాను. మగ్గం ఆగివుంది. అక్క ఫోను తీసి చూపించింది. సావుకారు పంపిన బొమ్మ. సీరియల్ నాయిక చీర, తెరమీద నుంచి ఫోటో తీసింది, కింద ఛానెల్ గుర్తు కూడా వుంది. గిరాకీలు అదే అంచు అడుగుతున్నారట. "ఆపొద్దు అది పట్టు గాదని చెప్తిని గదా, అదే చీర" అంది. జకార్డు అట్టలు మార్చాలి. మార్చేదాకా కూలి లేదు. ఆ పవర్‌లూమ్ అంచును ఇప్పుడు అసలు పట్టు మీద, చేత్తో నెయ్యాలి.